పెద్ద ప్రొపెల్లర్ వేస్తే థ్రస్ట్ తగ్గింది, ఎందుకు? (13బి రోటరీ, ఆర్‌వీ-6ఏ)

కావలి_రెక్కలు
నా విమానం సంగతి ఇక్కడ కొందరికి తెలుసు. ఆర్‌వీ-6ఏ, రెండు సీట్లు, కిట్ తెచ్చుకుని సొంతంగా కట్టుకున్నది. ఇంజిన్ మాత్రం విమానాలది కాదు, మాజ్డా ఆర్‌ఎక్స్-7 కారులో వచ్చే 13బి రోటరీ. విమానం టెక్సాస్‌లో హ్యాంగర్‌లో ఉంది, నేను సెలవుకి కావలి వచ్చి ఉన్నా. వచ్చే ముందు చేసిన ఒక టెస్టు ఇక్కడ కూడా నిద్ర పట్టనివ్వడం లేదు.

ఇన్నాళ్లూ 68 అంగుళాల డయా, 72 పిచ్ (ఒక చుట్టుకి లెక్క ప్రకారం ముందుకి పోవాల్సిన దూరం, అదీ అంగుళాల్లోనే) ఉన్న చెక్క ప్రొపెల్లర్ వాడాను. గేరు 2.17, అంటే ఇంజిన్ 2.17 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక చుట్టు. తోకని ట్రక్కుకి కట్టి, మధ్యలో క్రేన్ కాటా తగిలించి, కదలకుండా ఫుల్ థ్రాటిల్ ఇస్తే 5,600 ఆర్‌పీఎం, కాటా మీద 260 కిలోల థ్రస్ట్, అంటే విమానాన్ని ముందుకి లాగే బలం, వచ్చేది. తెలిసిన ఒకాయన తన రోటరీ విమానం నుంచి తీసిన 76 అంగుళాల డయా, 80 పిచ్ ప్రొపెల్లర్ తక్కువకి ఇచ్చాడు. ఆయనది 2.85 గేరు. గేరు సెట్ మీద డబ్బు పెట్టేముందు ఉన్నదాని మీదే ఎంత వస్తుందో చూద్దామని బిగించాను. పెద్ద ప్రొపెల్లర్ అయితే నిలబడి ఉన్నప్పుడు థ్రస్ట్ పెరుగుతుందని ఎక్కడ చదివినా అదే మాట కదా.

అదే కాటా, అదే ట్రక్కు. 4,300 దగ్గర ఆగిపోయింది, థ్రాటిల్ చివరిదాకా తోసినా పైకి పోదు. కాటా 230. ముప్పై కిలోలు తగ్గింది! పాతది మళ్లీ బిగించి చూశా, మళ్లీ 5,600, 260. కాబట్టి ఇంజిన్‌లో ఏ తేడా లేదు.

ఇప్పుడేం చేయాలి? కొనలు కోయించాలా, పిచ్ తక్కువది చూసుకోవాలా, గేరు మార్చాలా?

గూడూరు_నిమ్మ
వెనక్కి తిప్పి బిగించావేమో చూసుకో అన్నా. మా వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను అట్లాగే బిగించి పోయాడు ఒకడు, తాలింపు ఘాటంతా హాల్లోకే.

ఒంగోలు_లేత్
నవ్వులాట కాదు, చెక్క ప్రొపెల్లర్ తిరగేసి బిగించినవాళ్లు నిజంగానే ఉన్నారు. అప్పుడు కూడా గాలి వెనక్కే తోస్తుంది కానీ బలం బాగా పడిపోతుంది. ఉబ్బెత్తుగా ఉన్న వైపు ముందుకి, చదును వైపు పైలట్‌కి కనబడేలా ఉండాలి. చూశావా?

కావలి_రెక్కలు
చూశా, సరిగ్గానే ఉంది. చదును వైపు నాకే కనబడుతుంది.

జువ్వలదిన్నె_బోటు
ఇది మాకు హార్బర్‌లో మామూలుగా కనపడే జబ్బే. ఎవరో ఒకరు పక్క బోటుకి పెద్ద ఫ్యాను ఉంది, నాకూ కావాలని వేయించుకుంటారు. నీళ్లలోకి దిగాక ఇంజిన్ ఎక్కదు, నల్లపొగ కక్కుతుంది, డీజిల్ తాగుతుంది, బోటు మాత్రం అంతకుముందు పోయినంత కూడా పోదు. తర్వాత ఇంజిన్ మేస్త్రీని తిడతారు. పక్క బోటులో గేరుబాక్సు వేరు, అది చూడరు. పెద్ద ఫ్యానుని నిదానంగా తిప్పాలి, ఇంజిన్‌ని మాత్రం అది తిరగాల్సినంత తిరగనివ్వాలి. రెండూ కుదరాలంటే మధ్యలో గేరు మారాల్సిందే. మీ గాలి సంగతి నాకు తెలియదు, నీళ్లలో అయితే ఇంతే.

కందుకూరు_టర్బో
గేరు ఎందుకు దండగ? రెండు వైపులా రెండున్నర అంగుళాలు కోసెయ్, 76 కాస్తా 71 అవుతుంది. ఆర్‌పీఎం అదే ఎక్కుతుంది. లేదంటే రోటరీకి టర్బో పెట్టు, అది పుట్టిందే టర్బో కోసం.

ఉలవపాడు_మామిడి
నీకు పేరులోనే ఉంది కదా టర్బో, తలనొప్పికి కూడా టర్బోనే రాస్తావు.

ఇంతకీ ఈ రోటరీ ఏంటబ్బా, మామూలు ఇంజిన్‌కీ దీనికీ తేడా ఎవరన్నా రెండు ముక్కల్లో చెప్పండి. నాలాంటోళ్లు కూడా చదువుతున్నారు ఇక్కడ.

కావలి_రెక్కలు
పిస్టన్ ఉండదు, వాల్వులు ఉండవు, కనెక్టింగ్ రాడ్ ఉండదు. నడుము దగ్గర కొంచెం నొక్కినట్టున్న గుండ్రటి గదిలో మూడు మూలలున్న రోటర్ తిరుగుతూ ఉంటుంది. గోడకీ రోటర్‌కీ మధ్య ఖాళీ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కాబట్టి పీల్చడం, నొక్కడం, మండడం, వదలడం అన్నీ ఆ తిరుగుడులోనే అయిపోతాయి. జర్మనీలో ఫెలిక్స్ వాంకెల్ మొదలుపెట్టాడు, మాజ్డా వాళ్లు 1967లో కాస్మో కారుతో మొదలుపెట్టి పట్టుకుని వదల్లేదు. 13బి అంటే రెండు రోటర్లు, ఒక్కోటి 654 సీసీ, మొత్తం 1,308. విమానం కట్టుకునేవాళ్లకి ఎందుకు ఇష్టమంటే చిన్నది, కదిలే భాగాలు తక్కువ, వణుకు తక్కువ, పైగా లోపల ఒక సీలు పోయినా చాలాసార్లు టక్కున ఆగిపోకుండా బలం తగ్గి కుంటుకుంటూ అయినా దింపుతుంది. చిక్కల్లా ఒకటే, బలమంతా 6,000 పైనే ఉంటుంది. ప్రొపెల్లర్‌ని ఆ వేగంలో తిప్పలేం, అందుకే గేరు.

గూడూరు_నిమ్మ
రోటర్ ఒక చుట్టు తిరిగితే షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుందని ఎక్కడో చదివా. అంటే 6,000కి రోటర్ 2,000 మాత్రమే. మరి ప్రొపెల్లర్‌ని షాఫ్టుకి కాకుండా రోటర్‌కే బిగిస్తే గేరే అక్కర్లేదుగా. పేటెంట్ నాదే, ముందే చెప్తున్నా.

ఒంగోలు_లేత్
మూడో వంతు మాట నిజమే. కానీ రోటర్ ఉన్నచోట తిరగదు, దాని కేంద్రం కూడా షాఫ్టు చుట్టూ తిరుగుతూ ఉంటుంది. దానికి ప్రొపెల్లర్ బిగిస్తే అది గాలి తోయదు, రుబ్బురోలు పొత్రంలా ఊగుతుంది. పేటెంట్ దాచుకో.

షార్_పింఛను
అందరూ తలా ఒక మాట చెప్పారు, లెక్క మాత్రం ఎవరూ వేయలేదు.

72ని 68తో, 80ని 76తో భాగించి చూడు. రెండూ 1.05, 1.06 దగ్గర వస్తాయి. అంటే నీ రెండు ప్రొపెల్లర్లదీ దాదాపు ఒకే ఆకారం, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అంతే. అలాంటప్పుడు ప్రొపెల్లర్ మింగే పవర్ ఆర్‌పీఎంకి మూడో ఘాతంలో, డయాకి ఐదో ఘాతంలో పెరుగుతుంది. ఐదో ఘాతం, గమనించు. 76ని 68తో భాగిస్తే 1.118. దానికి ఐదో ఘాతం వేస్తే 1.74. డయా 12 శాతం పెరిగినట్టు కంటికి కనపడుతుంది, ఇంజిన్ నెత్తిన పడ్డ బరువు మాత్రం 74 శాతం.

ఇక ఇంజిన్ వైపు చూద్దాం. ఆ రేంజిలో టార్క్, అంటే తిప్పే బలం, పెద్దగా మారదు అనుకుంటే ఆర్‌పీఎం 1.74 వర్గమూలం మేరకి పడిపోతుంది. 5,600 కాస్తా 4,240 అవుతుంది. నీకు వచ్చింది 4,300. ఆర్‌పీఎం పడింది కాబట్టి పవర్ కూడా అదే లెక్కన సుమారు 24 శాతం పోయింది. కదలకుండా ఉన్నప్పుడు థ్రస్ట్ ఎంత అన్నది పవర్‌ని డయాతో గుణించి వచ్చినదానికి మూడింట రెండు వంతుల ఘాతం. 0.76ని 1.118తో గుణిస్తే 0.85, దానికి ఆ ఘాతం వేస్తే 0.9 దగ్గర. 260లో పదో వంతు తీసెయ్, 233. నీ కాటా 230 చూపింది. కాటా మంచిదే, ఇంజిన్ మంచిదే, ప్రొపెల్లర్ మంచిదే.

పెద్ద ప్రొపెల్లర్‌కి థ్రస్ట్ ఎక్కువ అన్న మాట తప్పు కాదు, కానీ అది పవర్ తగ్గకుండా ఉంటేనే. నువ్వు డయా పెంచుకుని పవర్ పోగొట్టుకున్నావు.

అదే ప్రొపెల్లర్‌కి 2.85 గేరు పెడితే ఏమవుతుంది? అదే లెక్క తిప్పి వేస్తే ఇంజిన్ 6,380 దాకా ఎక్కుతుంది, ప్రొపెల్లర్ 2,240. థ్రస్ట్ 17 శాతం పెరిగి 305 కిలోలు. జువ్వలదిన్నె ఆయన లెక్క లేకుండానే సరిగ్గా చెప్పాడు.

అల్లూరు_టీచర్
సార్ లెక్కకి వెనకున్న కారణం కూడా ఒక మాట చెప్తాను, మా పదో తరగతి పిల్లలకి చెప్పేదే. థ్రస్ట్ అంటే సెకనుకి గాలికి ఇచ్చే ద్రవ్యవేగం, ద్రవ్యరాశి ఇంటు వేగం. దానికి ఖర్చయ్యే శక్తి మాత్రం వేగం వర్గం మీద ఉంటుంది. కాబట్టి ఎక్కువ గాలిని నెమ్మదిగా తోస్తే తక్కువ ఖర్చుతో అదే తోపు వస్తుంది. పెద్ద ప్రొపెల్లర్ లాభం ఇక్కడే. అయితే విమానం వేగం అందుకున్నాక ఈ లాభం కరిగిపోతుంది, ఎందుకంటే అప్పటికే బోలెడంత గాలి దానంతటదే ఎదురొస్తుంటుంది. పరుగు, ఎక్కడం బాగుంటాయి, టాప్ స్పీడ్ మీద ఆశ పెట్టుకోకండి.

ఉలవపాడు_మామిడి
షార్ మాస్టారూ, సూళ్లూరుపేట ఇప్పుడు తిరుపతి జిల్లా కదా, మీరింకా ఈ నెల్లూరు గ్రూపులో ఎట్లా?

షార్_పింఛను
జిల్లా మారింది 2022లో. నా రేషన్ కార్డు, నా నాలుక రెండూ నెల్లూరువే. ముందు కందుకూరు ఆయన్ని అడుగు, అప్పుడే ఆయన ప్రకాశం నుంచి మా వైపుకి వచ్చాడు.

కందుకూరు_టర్బో
మేం రాలేదు సార్, మమ్మల్ని తోశారు. పవర్ తగ్గకుండా తోశారు.

సరే లెక్క దగ్గరికొస్తా. టార్క్ మారదు అనుకున్నారు, అక్కడే పట్టుబడ్డారు. టర్బో లేని 13బికి పైకి పోయేకొద్దీ టార్క్ జారిపోతుంది, పైగా అతను వాడే ఎగ్జాస్ట్, ఎయిర్ ఫిల్టర్ ఎట్లున్నాయో మనకి తెలియదు. 6,380 రాదు గాక రాదు. 6,000 దాటదు. పందెం.

షార్_పింఛను
ఏం పందెం?

కందుకూరు_టర్బో
చేపల పులుసు. మామిడికాయ వేసింది, ఆ రోజు చేసి మర్నాడు తినేది.

ఉలవపాడు_మామిడి
మామిడికాయలు నావి. ఎవరు ఓడినా నాకొక గిన్నె.

ఇందుకూరుపేట_ఏరేటర్
రొయ్యల గుంటల్లో మాకూ ఇదే తంతు. ఏరేటర్‌కి రెక్కల చక్రాలు ఎక్కువ తగిలిస్తే ఆక్సిజన్ ఎక్కువ వస్తుందని తగిలిస్తారు. మోటారు లాగే ఆంప్స్ పెరిగిపోయి రాత్రి రెండింటికి వైండింగ్ కాలుతుంది. కరెంటు మోటారు పాపం వేగం తగ్గించుకోకుండా కాలిపోతుంది, మీ రోటరీ తెలివైంది, తగ్గించుకుని బతికింది.

ఒంగోలు_లేత్
కోయడం గురించి. చెక్క ప్రొపెల్లర్ కొన కోస్తే పని అయిపోదు. కొన దగ్గర అంచుకి రాళ్లూ వానా తగలకుండా లోహమో ఫైబరో తొడుగు ఉంటుంది, అది తీసి మళ్లీ వేయాలి. కొన సన్నగా ఉండాల్సింది మొద్దుగా మిగులుతుంది. రెండు వైపులా గ్రాముల తేడా లేకుండా బ్యాలెన్స్ చేయాలి. పిచ్ కూడా చెక్కలో పెద్దగా మార్చలేం, చెక్కడంలోనే వచ్చేసింది అది. ఇంకోటి, ఒకసారి కోశాక రేపు 2.85 గేరు పెట్టాలనిపించినా పనికిరాదు. నా సలహా, దాన్ని ముట్టుకోవద్దు, అమ్మేస్తే నీ డబ్బు నీకొస్తుంది.

పోనీ 2.17 మీదే గాల్లో ఆర్‌పీఎం ఎక్కుతుందిలే అనుకున్నా ప్రమాదమే. ఇంజిన్ 6,500 తిరిగిందనుకో, 76 అంగుళాల కొన సెకనుకి 300 మీటర్లు దాటుతుంది. శబ్దం వేగం 340 చిల్లర, దానికి విమానం ముందుకి పోయే వేగం కూడా తోడవుతుంది. ఆ దగ్గరికి పోతే బలం గాలిలో కాక గోలలో పోతుంది. అదే 2.85తో 7,000 తిప్పినా కొన 250 లోపే.

కావలి_రెక్కలు
సరే, కోయడం లేదు. గేరే మారుస్తా. మాస్టారూ, గేరు మారిస్తే ఇంకేం చూసుకోవాలి? వణుకు సంగతి నాకు టెన్షన్‌గా ఉంది. ఇప్పుడున్న సెట్టుకి ఐడిల్‌కి కొంచెం పైన ఒక చోట గడగడ వస్తుంది, దాన్ని త్వరగా దాటించేస్తా. పెద్ద ప్రొపెల్లర్‌తో అది పైకి జరిగి నేను వాడే ఆర్‌పీఎంలోకి వస్తుందా?

షార్_పింఛను
మంచి ప్రశ్న, ముందు అడగాల్సింది ఇదే. ఆ గడగడ మెలి వణుకు. ఇంజిన్ ఒక వైపు, ప్రొపెల్లర్ ఒక వైపు, మధ్యలో రబ్బరు డ్యాంపరు స్ప్రింగులా ఉంటుంది. రెండు రోటర్లు కాబట్టి షాఫ్టు చుట్టుకి రెండు తోపులు. ఆ తోపుల లయ స్ప్రింగు లయతో కలిస్తే గేరు పళ్లు కొట్టుకుంటాయి.

ప్రొపెల్లర్ జడత్వం కూడా డయా ఐదో ఘాతమే, కాబట్టి అదీ 1.74 రెట్లు. కానీ ఇంజిన్‌కి ఆ జడత్వం గేరు నిష్పత్తి వర్గంతో భాగించినట్టు కనపడుతుంది. 2.85ని 2.17తో భాగించి వర్గం చేస్తే 1.72. పెరిగింది 1.74, తగ్గేది 1.72. ఇంజిన్ దృష్టిలో నువ్వు ప్రొపెల్లర్ మార్చనే లేదు! అదే డ్యాంపరు ఉంచితే గడగడ దాదాపు పాత చోటే వస్తుంది. అయినా లెక్కని నమ్మి వదిలేయకు, మొదటిసారి తిప్పినప్పుడు చెవి పెట్టి వినాలి.

జాగ్రత్త పడాల్సింది బయటి వైపు. గేరుబాక్సు నుంచి బయటికొచ్చే టార్క్ 31 శాతం పెరుగుతుంది. ప్రొపెల్లర్ బోల్టులు, దాన్ని బిగించే ఫ్లాంజి పళ్లెం, ఇంజిన్ మౌంటు అన్నిటి మీదా ఆ భారం పడుతుంది. పరుగులో విమానం పక్కకి లాగేది కూడా పెరుగుతుంది, రడ్డరు (తోక చుక్కాని) పెడలు మీద కాలు సిద్ధంగా ఉంచుకో.

మైపాడు_ఇసుక
ఎవరూ అడగలేదు, కొనకీ నేలకీ మధ్య ఎంత ఉంది? డయా 8 అంగుళాలు పెరిగితే కింద 4 పోయినట్టే.

కావలి_రెక్కలు
పదకొండున్నర ఉండేది, ఇప్పుడు ఏడున్నర.

మైపాడు_ఇసుక
సర్టిఫై చేసిన విమానాలకి 2017 దాకా ఉన్న అమెరికా రూల్లో ముందు చక్రం ఉన్నవాటికి కనీసం 7 అంగుళాలు, తోక చక్రం ఉన్నవాటికి 9. సొంతంగా కట్టుకున్నవాటికి ఆ రూలు వర్తించదు కానీ నేలకి ఆ సంగతి తెలియదు కదా. ముందు టైరు గాలి పోయి, స్ట్రట్ (చక్రం కాలు) పూర్తిగా వంగినప్పుడు కూడా కొన తగలకూడదు. గడ్డి నేల మీద దింపే అలవాటుంటే మానుకో. కంకర ఉన్నచోట నిలబెట్టి ఫుల్ థ్రాటిల్ అసలు వద్దు, ఏడున్నర అంగుళాల ఎత్తులో ఆ ప్రొపెల్లర్ రాళ్లని పీల్చుకుని కొనలకి తగిలించుకుంటుంది.

కావలి_రెక్కలు
నాది కాంక్రీటు రన్‌వే. కాటా టెస్టు కూడా ఊడ్చిన తర్వాతే చేస్తా, ప్రొపెల్లర్ తిరిగే గీతలో ఎవర్నీ నిలబడనివ్వను. అయినా పాయింటు రాసుకున్నా, ముందు టైరులో గాలి తీసి కొలిచి చూస్తా.

గూడూరు_నిమ్మ
ఇంత గోల ఎందుకన్నా, ఇక్కడే ఒకటి కట్టెయ్. దొనకొండలో బ్రిటిష్ కాలం నాటి రన్‌వే ఖాళీగా గేదెలు మేస్తా పడుంది. అది కాదంటే కొరిశపాడు దగ్గర హైవే, 2022 డిసెంబరులో వాయుసేన వాళ్లు యుద్ధవిమానాలతో ట్రయల్ వేశారు కదా.

కావలి_రెక్కలు
హైవే మీద దిగితే టోలు కూడా కట్టాలి. ఇక్కడ కట్టడం చట్టానికి విరుద్ధమేం కాదు, అనుమతులిచ్చే విమానయాన సంస్థ డీజీసీఏ దారి పొడవు అంతే. ముంబైలో అమోల్ యాదవ్ అని ఒక పైలట్ ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టాడు, 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో పెట్టాడు, రిజిస్ట్రేషన్ వచ్చేసరికి 2017 నవంబరు. నాకంత ఓపిక లేదు.

అమెరికాలో కూడా ఊరికే ఎగరనివ్వరు. ప్రొపెల్లర్ మార్చడమంటే మేజర్ చేంజ్. విమానం మళ్లీ ఫేజ్-1 టెస్టుల్లోకి వెళుతుంది. కనీసం 5 గంటలు, కేటాయించిన ప్రాంతంలోనే, పక్కన ఎవర్నీ ఎక్కించుకోకుండా ఎగిరి, లాగ్ పుస్తకంలో రాయాలి.

ఉలవపాడు_మామిడి
పక్కన ఎవరూ లేకుండా 5 గంటలు ప్రశాంతంగా. ఇంట్లో చెప్పకు, ప్రొపెల్లర్ నెలకొకసారి మార్చొచ్చు.

కావలి_రెక్కలు
తిరిగొచ్చి పని మొదలుపెట్టా. గేరు సెట్ వచ్చింది, నా పాత డ్యాంపరే ఉంచా. ముందు చక్రంలో గాలి పూర్తిగా తీసేసి కొలిస్తే కొన కింద అయిదు అంగుళాల పైనే ఉంది, స్ట్రట్ వంగినదానికి వదిలేసినా తగలదు. ఆ సంగతి తేలాకే ప్రొపెల్లర్ ఎక్కించా. కొనల ట్రాక్ చూశా, రెండు కొనలూ ఒకే గీత మీద తిరుగుతున్నాయి. నేల మీద ఒకసారి తిప్పి, చల్లారాక బోల్టులు మళ్లీ టార్క్ రెంచ్‌తో చూస్తే రెండు కొంచెం వదులయ్యాయి, చెక్క అణిగింది.

కాటా రేపు.

ఒంగోలు_లేత్
బోల్టులు మొదటిసారి ఎగిరొచ్చాక కూడా చూడు, ఆ తర్వాత వాతావరణం మారినప్పుడల్లా చూడు. తేమకి చెక్క ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. ఎండాకాలంలో వదులైన చెక్క ప్రొపెల్లర్ ఫ్లాంజి మీద రాసుకుని మాడిపోతుంది.

కందుకూరు_టర్బో
రేపు అంటే మాకెప్పుడు, పొద్దున్నేనా? పులుసు పెట్టించాలా వద్దా?

కావలి_రెక్కలు
6,150. కాటా 293.

పొద్దున చల్లటి పూట తీశా. మొదటి రీడింగ్‌ని నేనే నమ్మలేదు, ట్రక్కు కొంచెం ముందుకి జరిగింది! హ్యాండ్ బ్రేకు వేసి చక్రాలకి దుంగలు పెట్టి మళ్లీ తీశా, అంతే వచ్చింది. గడగడ కూడా పాత చోటే వచ్చి పోయింది, పైన అంతా నున్నగా ఉంది.

షార్_పింఛను
6,000 దాటింది. పులుసు.

కందుకూరు_టర్బో
మీరు చెప్పింది 6,380, వచ్చింది 6,150. మీరు చెప్పింది 305, వచ్చింది 293. నేను టార్క్ జారుతుందన్నా, జారింది. సగం పులుసు.

అల్లూరు_టీచర్
పందెం 6,000 మీద. చదివినవాళ్లం సాక్షులం ఉన్నాం.

కందుకూరు_టర్బో
సరే మేడమ్, ఒప్పుకున్నా. కానీ టర్బో పెట్టుంటే 6,380 వచ్చేది.

ఇందుకూరుపేట_ఏరేటర్
ఎగిరాడా లేదా అది చెప్పండి ముందు.

కావలి_రెక్కలు
ఎగిరా. అయిదు గంటల్లో ఇంకా సగం మిగిలే ఉంది కానీ తేలిన వరకు రాస్తున్నా.

పరుగు బాగా తగ్గింది, పాతదానితో లేచే చోటు కన్నా చాలా ముందే లేచిపోతోంది. ఎక్కడం నిమిషానికి 1,100 అడుగులు ఉండేది, ఇప్పుడు 1,350 దగ్గర. టాప్ స్పీడ్ టీచర్ గారు చెప్పినట్టే, ముందున్నంతే ఉంది. క్రూజ్‌లో మాత్రం ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరగడంతో గోల తగ్గింది, హెడ్‌సెట్‌లో తేడా తెలుస్తోంది. దిగేటప్పుడు థ్రాటిల్ తగ్గిస్తే ఈ పెద్ద ప్రొపెల్లర్ బ్రేకులా పట్టేస్తోంది, పాత అలవాటుతో వస్తే రన్‌వేకి ముందే దిగిపోయేట్టుంది, కొంచెం పవర్ ఉంచుకుని రావాలి. కుడి కాలు కూడా మాస్టారు చెప్పినట్టే గట్టిగా నొక్కాల్సి వస్తోంది.

బాగాలేనిది ఒకటి. ఎక్కేటప్పుడు నీళ్ల వేడి 88 దగ్గర నిలబడేది, ఇప్పుడు 98కి పోతోంది, ఆయిల్ కూడా దాని వెంటే. లెవెల్ చేస్తే వెంటనే దిగొస్తుంది. రేడియేటర్ పెద్దది చూడాలా?

షార్_పింఛను
రేడియేటర్‌కి ముందు ఇంకోటి చేసి చూడు. ఇంజిన్ ఇప్పుడు ఎక్కువ పవర్ ఇస్తోంది, వేడీ ఎక్కువే. నువ్వు మాత్రం పాత స్పీడులోనే ముక్కు పైకెత్తి ఎక్కుతున్నావు, గాలి అంతే వస్తోంది, వేడి మాత్రం పెరిగింది. ఎక్కే స్పీడు ఒక 15 నాట్లు (గంటకి సుమారు 28 కిలోమీటర్లు) పెంచు. ఎక్కడం కొంచెం తగ్గుతుంది, తగ్గినా నీ పాత 1,100 కన్నా పైనే ఉంటుంది. రేడియేటర్‌లోకి గాలి ఎంత పోతుందన్నది వేగం వర్గం మీద వచ్చే ఒత్తిడిని బట్టి ఉంటుంది కాబట్టి 15 నాట్లంటే తక్కువేం కాదు.

ఒంగోలు_లేత్
రోటరీలో వేడిలో మంచి వాటా ఆయిల్‌తో పోతుంది, రోటర్ లోపల చల్లబరిచేది ఆయిలే. నీళ్ల రేడియేటర్ ఒక్కటే చూసి ఆయిల్ కూలర్ వదిలేయకు. కౌలింగ్‌లోంచి, అంటే ఇంజిన్ మీది మూతలోంచి, గాలి బయటికి పోయే దారి కూడా చూడు, లోపలికి వచ్చే కన్నం పెంచడం కన్నా బయటికి పోయేది సరిచేస్తే చాలాసార్లు పని అయిపోతుంది.

కావలి_రెక్కలు
స్పీడు పెంచి చూశా. 98 పోయి 92 దగ్గర నిలబడింది, ఎక్కడం 1,200 పైనే. చల్లటి పూట చేశా కాబట్టి జులై ఎండకి ఏమవుతుందో చూడాలి, ఈలోపు ఆయిల్ కూలర్ డక్ట్ విప్పుతా.

జువ్వలదిన్నె_బోటు
షార్ సార్, మా బోటుది కూడా ఒక లెక్క వేసి పెట్టండి. ఫ్యాను 24 అంగుళాలు ఉంది, 27 వేయమంటున్నాడు మా బావమరిది. గేరుబాక్సు 2కి 1. ఇంజిన్ ఫుల్‌కి 1,800 పోతుంది.

షార్_పింఛను
డయా ఒక్కటే చెప్తే 1.8 రెట్ల భారం అని ఇప్పుడే చెప్పేయొచ్చు. పిచ్ ఎంత? రెండిటిదీ చెప్పు, పాతదీ కొత్తదీ.

జువ్వలదిన్నె_బోటు
ఫ్యాను మీద కొట్టిన అంకెలు నాచు కింద ఉన్నాయి. రేపు గీకి చూసి రాస్తా.